ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు? ఇంకో రెండు డౌట్లు కూడా ఉన్నాయి

ప్రశ్న: తొలిచూపు

అందరికీ నమస్తే. ఖగోళశాస్త్రం మొదటి నుంచీ చదువుదామని మొదలుపెట్టాను. బడిలో చదివినదంతా పరీక్ష కోసం బట్టీ పట్టిందే. ఇప్పుడు నిదానంగా అర్థం చేసుకుంటూ చదువుతుంటే ఒక్కో వాక్యం దగ్గర ఆగిపోతున్నాను. పదాలు తెలుస్తున్నాయి, లెక్కలు కూడా మరీ కష్టంగా లేవు, కానీ ఒక పేజీలో చెప్పింది ఇంకో పేజీలో చెప్పినదానితో పొసగడం లేదనిపిస్తోంది.

మొదటిది. అమావాస్య నాడు చంద్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యలో ఉంటాడు, పౌర్ణమి నాడు భూమి మధ్యలో ఉంటుంది అని బొమ్మ వేసి మరీ చూపిస్తారు. అలాగైతే ప్రతి అమావాస్యకీ సూర్యగ్రహణం, ప్రతి పౌర్ణమికీ చంద్రగ్రహణం వచ్చి తీరాలి కదా. "చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వంగి ఉంటుంది కాబట్టి రావు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 5 డిగ్రీలంటే ఎంతని? కాగితం మీద గీస్తే ఉందో లేదో తెలియనంత వంపు. అంత మాత్రానికే గ్రహణం తప్పిపోతుందా?

రెండోది. భూమి సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలోనట, దూరంగా పోయేది జులై మొదటి వారంలోనట. ఉత్తరార్ధగోళంలో చూస్తే జనవరిలో చలి, జులైలో వేడి. అక్షం వంపు వల్ల అని చెప్పారు. అంటే వంపు వల్ల మనం ఉన్న సగం సూర్యుడి వైపు ఒరిగి కొంచెం దగ్గరవుతుంది, అందుకే వేడి అనుకోవాలా?

మూడోది. సూర్యుడు లాగుతూనే ఉంటే గ్రహాలు ఇన్ని వందల కోట్ల ఏళ్లుగా అందులో పడిపోకుండా ఎలా ఉన్నాయి? అపకేంద్ర బలం, అంటే తిరిగేదాన్ని బయటికి నెట్టే బలం, బ్యాలెన్స్ చేస్తోందని ఒక చోట ఉంది, అసలు అలాంటి బలమే లేదని ఇంకో చోట ఉంది. ఏది నమ్మాలి?

ఫార్ములాలు వద్దనడం లేదు. ముందు విషయం కళ్లకు కట్టాలి, ఆ తర్వాత ఫార్ములా చూసుకుంటాను.

జవాబు: లెక్కల మాస్టారు

తొలిచూపు గారూ, మీరు ఆగినవన్నీ నిజంగా ఆగి ఆలోచించాల్సిన చోట్లే. గ్రహణం గురించి చెప్పే ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం, చిక్కంతా అక్కడే ఉంది. పుస్తకం పేజీలో సూర్యుడు, భూమి, చంద్రుడు మూడూ పట్టాలి, మూడూ కంటికి ఆనాలి. అందుకని సూర్యుణ్ణి కుదించేస్తారు, చంద్రుణ్ణి లాక్కొచ్చి భూమి పక్కన పెడతారు, పైగా కాగితం బల్లపరుపు కాబట్టి మూడూ ఎప్పుడూ ఒకే మట్టంలో ఉన్నట్టు కనిపిస్తాయి. ఏది దేని చుట్టూ తిరుగుతుందో చెప్పడానికి ఆ బొమ్మ చాలు. గ్రహణం ఎందుకు తప్పిపోతుందో చెప్పడానికి మాత్రం చాలదు.

కొలతలన్నీ ఒకే నిష్పత్తిలో కుదించి చూడండి. సూర్యుడు ఫుట్‌బాల్ అంత, అంటే అడ్డంగా 22 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు భూమి 2 మిల్లీమీటర్ల చుక్క, ఆ ఫుట్‌బాల్‌కి దాదాపు 24 మీటర్ల దూరంలో. చంద్రుడు అర మిల్లీమీటరు చుక్క, భూమికి 6 సెంటీమీటర్ల దూరంలో. గురుడు 2 సెంటీమీటర్ల పైచిలుకు, 123 మీటర్ల అవతల. నెప్ట్యూన్ కోసం 700 మీటర్లు దాటి నడవాలి. ఇదే లెక్కన సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గర నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీని 6,300 కిలోమీటర్ల దూరంలో పెట్టాలి. సౌరకుటుంబం గురించి మొదట మనసుకెక్కాల్సింది గ్రహాల పేర్లు కాదు, వాటి మధ్య ఉన్న ఈ ఖాళీ అని నేను గట్టిగా నమ్ముతాను, అది పట్టుబడితే సగం ప్రశ్నలు వాటంతటవే విడిపోతాయి.

ఇక మీ 5 డిగ్రీలు. 6 సెంటీమీటర్ల దూరంలో 5 డిగ్రీల వంపు అంటే చంద్రుడి చుక్క భూమి మట్టానికి పైకో కిందకో 5 మిల్లీమీటర్ల పైదాకా పోతుంది. భూమి నీడ వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, చంద్రుడి దూరానికి వచ్చేసరికి దాని వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. అసలు కొలతల్లో చెప్పాలంటే చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, అక్కడ భూమి చిక్కటి నీడ సుమారు 9 వేల కిలోమీటర్ల వెడల్పు, చంద్రుడి అడ్డుకొలత 3,474 కిలోమీటర్లు, వంపు వల్ల చంద్రుడు ఆ మట్టం నుంచి తొలగిపోగలిగేది 34 వేల కిలోమీటర్ల దాకా. కాబట్టి చాలా పౌర్ణములకి చంద్రుడు నీడకి బాగా పైనుంచో బాగా కిందనుంచో హాయిగా దాటిపోతాడు. 5 డిగ్రీలు చిన్నదే, కానీ ఆకాశంలో చంద్రుడి బింబం అర డిగ్రీయే, అంటే అది పది చంద్రబింబాలు పేర్చినంత ఎడం.

మరి గ్రహణం ఎప్పుడు వస్తుందంటే, చంద్రుడి దారి భూమి కక్ష్య మట్టాన్ని రెండు చోట్ల దాటుతుంది, ఒకచోట కిందనుంచి పైకి, ఇంకోచోట పైనుంచి కిందకి. పౌర్ణమో అమావాస్యో సరిగ్గా ఆ చోట్ల దగ్గరలో పడాలి. ఆ రెండు చోట్లనీ కలిపే గీత అంతరిక్షంలో దాదాపు ఒకే దిక్కుకి నిలబడి ఉంటుంది, భూమేమో సూర్యుడి చుట్టూ తిరుగుతుంది, అందువల్ల ఏడాదిలో రెండుసార్లు ఆ గీత సూర్యుడి వైపు చూస్తుంది. అలా చూసినప్పుడల్లా ఆ చుట్టుపక్కల ఐదు వారాల పాటు గ్రహణాల సీజన్ అన్నమాట. 2025 తీసుకోండి. మార్చి 14న సంపూర్ణ చంద్రగ్రహణం, మార్చి 29న పాక్షిక సూర్యగ్రహణం. మళ్లీ సెప్టెంబర్ 7న చంద్రగ్రహణం, 21న సూర్యగ్రహణం. మధ్యలో వచ్చిన పౌర్ణములు, అమావాస్యలు అన్నీ ఖాళీ.

దాదాపు ఒకే దిక్కు అన్నాను గానీ అది కూడా మెల్లగా వెనక్కి తిరుగుతుంది, ఒక చుట్టుకి 18.6 ఏళ్లు. అందుకే సీజన్ ప్రతి ఏడూ 19 రోజుల దాకా ముందుగానే వచ్చేస్తుంది. 2024లో మార్చి 25, ఏప్రిల్ 8. 2025లో మార్చి 14, 29. 2026లో ఫిబ్రవరి 17, మార్చి 3. ఒక కాగితం మీద వరసగా రాసుకుంటే ఆ జరుగుడు స్పష్టంగా కనబడుతుంది, ఒకసారి రాసి చూడండి.

జవాబు: ఎండాకాలం

రెండో ప్రశ్న నేను తీసుకుంటా.

వంపు వల్ల దగ్గరవడం అనే ఆలోచన చాలామందికి వస్తుంది, కానీ లెక్క వేస్తే నిలబడదు. భూమి మొత్తం అడ్డుకొలతే 12,742 కిలోమీటర్లు. ఎంత ఒరిగినా ఒక అర్ధగోళం ఇంకోదానికంటే దగ్గరయ్యేది అంతకు లోపే. అదే జనవరికీ జులైకీ మధ్య భూమి మొత్తం దూరంలో తేడా 50 లక్షల కిలోమీటర్లు, 14 కోట్ల 71 లక్షల నుంచి 15 కోట్ల 21 లక్షల దాకా. 50 లక్షల కిలోమీటర్ల తేడాయే ఉత్తరాన చలిని ఆపలేకపోతే, కొన్ని వేల కిలోమీటర్లు ఎండాకాలాన్ని తెస్తాయా? తేవు.

వంపు చేసే పని వేరు. ఒకటి, ఎండ పడే కోణం. సూర్యుడు నడినెత్తిన ఉంటే ఒక చదరపు మీటరు వెలుగు ఒక చదరపు మీటరు నేల మీదే పడుతుంది. సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటే అదే వెలుగు రెండు చదరపు మీటర్ల మీద పరుచుకుంటుంది, ఒక్కో చోటుకి అందేది సగమే. రెండు, పగలు ఎంతసేపు ఉంటుందన్నది. ఉత్తర అక్షాంశం 40 డిగ్రీల దగ్గర చూడండి. జూన్ 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తుకి వస్తాడు, పగలు 15 గంటలు. డిసెంబర్ 21 ప్రాంతంలో 27 డిగ్రీలు కూడా దాటడు, పగలు తొమ్మిది గంటల పైచిలుకు. మధ్యాహ్నం నేలకి అందే ఎండ జూన్‌లో రెండింతల పైనే, అదీ ఎక్కువ గంటలు. ఈ రెండూ కలిస్తే దూరం వల్ల వచ్చే తేడా ఎందుకూ ఆనదు.

అలాగని దూరం అసలు లెక్కలోకే రాదని అనకండి. జనవరిలో భూమికి అందే ఎండ జులైలో కంటే దాదాపు 7 శాతం ఎక్కువ. దక్షిణార్ధగోళానికి ఎండాకాలం అప్పుడే కాబట్టి అక్కడ వేడి ఇంకా మండిపోవాలి. కానీ అక్కడ సముద్రం ఎక్కువ, నీళ్లు నిదానంగా వేడెక్కుతాయి, అందుకని ఆ 7 శాతం బయటికి కనబడదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చే విషయం ఏంటంటే, భూమి మొత్తం సగటు ఉష్ణోగ్రత తీస్తే అది జనవరిలో కంటే జులైలోనే ఎక్కువ, సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడు! ఉత్తరాన నేల ఎక్కువ, నేల త్వరగా కాగుతుంది, అంతే.

ఇంకోటి. దగ్గరగా ఉన్నప్పుడు భూమి కాస్త వేగంగా పరిగెడుతుంది, 1609లో కెప్లర్ చెప్పిన రెండో నియమం ఇదే. అందువల్ల పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులైన విషువత్తులు చూస్తే, సెప్టెంబర్ విషువత్తు నుంచి మార్చి విషువత్తు దాకా 179 రోజులే, మార్చి నుంచి సెప్టెంబర్ దాకా 186. క్యాలెండర్ తీసి లెక్కపెట్టుకోండి, టెలిస్కోప్ అక్కర్లేదు.

దూరం నిజంగా దెబ్బ కొట్టే చోటు చూడాలంటే అంగారకుడి దగ్గరికి వెళ్లాలి. దాని అక్షం వంపు 25 డిగ్రీలు, మనలాగే. కానీ కక్ష్య బాగా సాగి ఉంటుంది, దగ్గరగా వచ్చినప్పుడు 20 కోట్ల 66 లక్షల కిలోమీటర్లు, దూరంగా ఉన్నప్పుడు 24 కోట్ల 92 లక్షలు. అందే ఎండలో తేడా 45 శాతం దాకా. అక్కడ దక్షిణార్ధగోళం ఎండాకాలం పొట్టిగా, తీవ్రంగా ఉంటుంది, గ్రహాన్నంతా కప్పేసే పెద్ద దుమ్ము తుఫాన్లు కూడా ఎక్కువగా ఆ కాలంలోనే లేస్తాయి.

జవాబు: పడుతూనే ఉన్నా

మూడోది. పడిపోకుండా ఎలా ఉన్నాయి అన్నారు. పడుతూనే ఉన్నాయండీ.

భూమి సెకనుకి దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఏ బలమూ లేకపోతే తిన్నగా అలాగే పోతుంది. సూర్యుడు లాగడం వల్ల ఆ ఒక్క సెకనులో అది తిన్నటి గీత నుంచి సూర్యుడి వైపు 3 మిల్లీమీటర్లు పడుతుంది. 30 కిలోమీటర్లు ముందుకి, 3 మిల్లీమీటర్లు లోపలికి. తర్వాతి సెకను మళ్లీ అంతే, కాకపోతే "లోపలికి" అనే దిక్కు ఇప్పుడు కాస్త మారింది. ఇలా ఏడాది పొడుగునా కలుపుకుంటూ పోతే ఆ దారి చుట్టు తిరిగి మొదటికొస్తుంది. పడుతూ పడుతూ ప్రతిసారీ సూర్యుణ్ణి పక్కకి తప్పిపోవడమే కక్ష్య.

అపకేంద్ర బలం గురించి రెండు పుస్తకాలూ రెండు మాటలు ఎందుకన్నాయంటే, భూమితో పాటు తిరుగుతూ లెక్క వేసేవాళ్లకి ఆ బలం లెక్కలో రాసుకోవాల్సి వస్తుంది. బయట నిలబడి చూసేవాళ్లకి దాని అవసరం లేదు, సూర్యుడి ఆకర్షణ ఒక్కటే చాలు. కొత్తగా నేర్చుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టేయండి. లోపలికి ఒక బలం, బయటికి ఒక బలం, రెండూ సమానం అనుకుంటే భూమి మీద మొత్తం బలం సున్నా అవుతుంది, మొత్తం సున్నా అయితే అది తిన్నగా వెళ్లిపోవాలి గానీ చుట్టు తిరగకూడదు. బ్యాలెన్స్ అనే మాట అక్కడే తప్పుదారి పట్టిస్తుంది.

భూమి ఆ పక్కవేగాన్ని మొత్తం పోగొట్టుకుంటే? అప్పుడు నిజంగానే సూర్యుడిలో పడుతుంది, సుమారు 65 రోజుల్లో. కానీ ఆ వేగాన్ని తీసేయడానికి ఏమీ లేదు, అంతరిక్షంలో రాపిడి లేదన్నంత తక్కువ. అందుకే ఇన్ని వందల కోట్ల ఏళ్లు గడిచాయి.

ఇది ఎంత గట్టి విషయమో చూడాలంటే సూర్యుడి దగ్గరికి పంపిన నాసా వ్యోమనౌక పార్కర్ సోలార్ ప్రోబ్ చూడండి. సూర్యుడి దగ్గరికి పోవడం తేలిక, వదిలేస్తే అదే పడిపోతుంది అనుకుంటాం. భూమి నుంచి బయల్దేరిన ప్రతిదానికీ ఆ 30 కిలోమీటర్ల పక్కవేగం పుట్టుకతోనే వస్తుంది, అందులో చాలా భాగం తగ్గిస్తే గానీ లోపలికి దిగదు. 2018 ఆగస్టులో పంపితే, శుక్రుడి పక్కనుంచి ఏడుసార్లు దూసుకుపోతూ ప్రతిసారీ కాస్త వేగం వదిలించుకుని, చివరికి 2024 డిసెంబర్ 24న సూర్యుడి ఉపరితలానికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరికి చేరింది. సౌరకుటుంబాన్ని వదిలి బయటికి పోవడానికి భూమి దూరంలో సెకనుకి 42 కిలోమీటర్లు ఉంటే చాలు, అంటే మనకున్న దానికి 12 కలిపితే సరి. సూర్యుడిలో తిన్నగా పడాలంటే 30 తీసేయాలి. పడిపోవడమే కష్టం.

జవాబు: వెన్నెల రాత్రి

చాలా బాగా చెప్పారు అందరూ. నాదీ ఒక మాట. గ్రహణం రోజు భూమి నీడ చంద్రుడి మీద పడుతుంది సరే. మిగతా రోజుల్లో చంద్రుడు నెలవంకగా, సగంగా కనబడేది కూడా భూమి నీడ కొంచెం కొంచెం పడడం వల్లే కదా? మా ఇంట్లో అందరూ అదే అంటారు, అలాగైతే గ్రహణానికీ దీనికీ తేడా ఏంటో తెలియడం లేదు.

జవాబు: బైనాక్యులర్

వెన్నెల రాత్రి గారూ, కాదండీ, నెలవంకకీ భూమి నీడకీ ఏ సంబంధం లేదు. ఇది పుస్తకం లేకుండా మీరే తేల్చుకోవచ్చు. భూమి నీడ ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కునే పడుతుంది. అమావాస్య తర్వాత వారానికి, అష్టమి ప్రాంతంలో, సాయంత్రం నాలుగింటికి బయటికొచ్చి చూడండి. సూర్యుడు ఇంకా పడమట ఉంటాడు, సగం చంద్రుడు కూడా పైన ఉంటాడు, రెండూ ఒకేసారి ఆకాశంలో. సూర్యుడు ఇంకా అస్తమించనే లేదు కాబట్టి భూమి నీడ మన కాళ్ల కింద, దిగంతానికి అవతల ఉంది. చంద్రుడు దానికి 90 డిగ్రీల దూరంలో ఉన్నాడు. అయినా సగమే వెలుగుతున్నాడు. మరి ఆ చీకటి సగానికి కారణం నీడ ఎలా అవుతుంది?

జరిగేది ఏంటంటే, చంద్రుడి మీద ఎప్పుడూ సగానికి ఎండ ఉంటుంది, భూమి మీద ఉన్నట్టే. ఆ ఎండ పడిన సగంలో మనవైపు ఎంత తిరిగి ఉందన్నదే కళ. చంద్రుడు మన చుట్టూ తిరుగుతుంటే మనం చూసే కోణం మారుతుంది, అంతే. వెలిగే వైపు ఎప్పుడు చూసినా సూర్యుడి దిక్కునే ఉంటుంది, ఇది ఒకసారి గమనించారంటే ఇంక మర్చిపోరు.

గ్రహణం రోజు అంచుని చూసినా తేడా తెలిసిపోతుంది. భూమి నీడ అంచు ఎప్పుడూ గుండ్రంగా, చంద్రుడి కంటే పెద్ద వృత్తంలో ముక్కలా ఉంటుంది, భూమి గుండ్రమని అరిస్టాటిల్ చూపిన ఆధారాల్లో అదొకటి. అష్టమి నాడు వెలుగు, చీకటి గీత తిన్నగా ఉంటుంది. గుండ్రటి నీడతో తిన్నటి గీత రాదు.

ఆ గీత దగ్గర బైనాక్యులర్ పెట్టి చూడండి. 10x50 అని రాసి ఉన్న మామూలుది చాలు, మోచేతులు గోడకో కుర్చీ వీపుకో ఆనించాలి, లేకపోతే వణుకుతుంది. పౌర్ణమి నాడు చంద్రుడు చప్పగా, తెల్లగా కనిపిస్తాడు. సగం చంద్రుడి రోజు ఆ గీత వెంబడి అలా కాదు, అక్కడ ఇప్పుడిప్పుడే సూర్యోదయం, ఎండ పక్కనుంచి వాలి పడుతుంది కాబట్టి ప్రతి గుంట అంచూ నల్లటి నీడ వేస్తుంది. కొన్ని చోట్ల గీతకి అవతల, చీకట్లో, ఒంటరిగా ఒక వెలుగు చుక్క ఉంటుంది. అది కొండ శిఖరం. చుట్టూ నేలకి ఇంకా తెల్లారలేదు, శిఖరానికి మాత్రం ఎండ తగిలింది. 1610లో గెలీలియో అచ్చు వేసింది ఇవే, ఆ శిఖరం గీతకి ఎంత దూరంలో ఉందో కొలిచి కొండ ఎత్తు లెక్కగట్టాడు.

ఇంకో పని చేయండి. చంద్రుడు ఏదైనా ప్రకాశవంతమైన నక్షత్రం పక్కనున్న రాత్రి, గంట తేడాతో రెండుసార్లు చూడండి. చంద్రుడు దాదాపు తన వెడల్పు అంత తూర్పుకి జరిగి ఉంటాడు. రోజూ తూర్పున ఉదయించి పడమట అస్తమించేది భూమి తిరగడం వల్ల, ఈ మెల్లటి జరుగుడు మాత్రం చంద్రుడి సొంత నడక.

తొలిచూపు

మాస్టారూ, మిగతా అందరికీ చాలా థాంక్స్. 6 సెంటీమీటర్లు, 5 మిల్లీమీటర్లు కాగితం మీద నిజంగా గీసి చూశాను, ఇంక గ్రహణం ప్రతి నెలా రావాలని అనిపించడం లేదు, వచ్చినప్పుడే ఆశ్చర్యంగా ఉంది. 30 కిలోమీటర్లు, 3 మిల్లీమీటర్లు అన్నది కూడా పట్టుబడింది.

దీంట్లోంచే ఇంకో రెండు పుట్టాయి. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తాడంటారు, అంటే తన చుట్టూ తాను తిరగడనా? అవతలి వైపు ఎప్పుడూ చీకటేనా? ఇంకోటి, ప్లూటోని ఎందుకు తీసేశారు, చిన్నదని మాత్రమేనా?

జవాబు: ఎండాకాలం

ప్లూటో చిన్నది కావడం ఒక్కటే కాదు. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం మూడు షరతులు పెట్టింది: సూర్యుడి చుట్టూ తిరగాలి, తన బరువుకి తానే గుండ్రంగా మారేంత పెద్దదై ఉండాలి, తన కక్ష్య చుట్టుపక్కల మిగతావాటిని తొలగించి ఉండాలి. ప్లూటోకి మూడోది లేదు, నెప్ట్యూన్ అవతల దాని లాంటివి బోలెడు ఉన్నాయి. 2005లో ఎరిస్ అని దాదాపు దానంతే ఉన్నది దొరికాక ఏదో ఒకటి తేల్చక తప్పలేదు. ఇలా జరగడం మొదటిసారి కాదు, 1801లో దొరికిన సెరెస్‌ని కూడా కొన్ని దశాబ్దాల పాటు గ్రహాల లెక్కలోనే వేశారు, చుట్టూ అలాంటివి దొరికేకొద్దీ అది గ్రహశకలాల్లోకి వెళ్లింది. నా మటుకు నాకు పేరు ఏదైనా పర్వాలేదు. 2015 జులైలో ప్లూటో పక్కనుంచి వెళ్లిన న్యూ హొరైజన్స్ వ్యోమనౌక పంపిన ఫోటోల్లో ఆ నత్రజని మంచు మైదానం చూశాక ప్లూటో మీద ఇష్టం పెరిగిందే గానీ తగ్గలేదు.

జవాబు: లెక్కల మాస్టారు

చంద్రుడు తిరుగుతాడు. 27.3 రోజులకి తన చుట్టూ తాను ఒకసారి, సరిగ్గా అదే 27.3 రోజుల్లో భూమి చుట్టూ ఒకసారి. రెండూ సమానం కాబట్టే ఒకే ముఖం మనవైపు. అసలు తిరగకుండా ఉంటే నెల రోజుల్లో అన్ని వైపులా మనకు కనిపించేవి. మనం వృత్తం గీసుకుని దాని చుట్టూ నడుస్తూ, మధ్యలో ఉన్నవాళ్ల వైపే మొహం తిప్పి ఉంచితే, ఒక చుట్టు పూర్తయ్యేసరికి నాలుగు దిక్కులూ చూసేసి ఉంటాం.

ఇది కాకతాళీయం కాదు. మన సముద్రాల్లో ఆటుపోట్లు తెచ్చే ఆకర్షణే తిరిగి భూమి వైపు నుంచి చంద్రుడి మీదా పనిచేసింది, చంద్రుడి రాతినే కాస్త సాగదీసింది. మొదట్లో వేగంగా తిరుగుతున్న చంద్రుణ్ణి ఆ సాగు మెల్లగా ఆపుతూ వచ్చి, తిరగడమూ చుట్టి రావడమూ సమానమయ్యాక నిలిచిపోయింది. గురుడి నాలుగు పెద్ద చంద్రుళ్లకీ ఇదే జరిగింది, అవి కూడా గురుడికి ఒకే ముఖం చూపిస్తాయి.

అవతలి వైపు చీకటి అన్నది నిజం కాదు. అమావాస్య నాడు మనకు కనబడని ఆ వైపంతా నిండు పగలు. చంద్రుడి మీద ఏ చోటు తీసుకున్నా సుమారు రెండు వారాలు పగలు, రెండు వారాలు రాత్రి. ఆ వైపుని మొదట ఫోటో తీసింది 1959 అక్టోబర్‌లో సోవియట్ వ్యోమనౌక లూనా 3, అక్కడ మొదట మెత్తగా దిగింది 2019 జనవరి 3న చైనా వాళ్ల ఛాంగ్ఎ 4. ఫోటోలు చూస్తే మనవైపు ఉన్నంత నల్లటి మైదానాలు అటు లేవు, గుంటలే గుంటలు.

ఎండ ఎప్పుడూ తగలని చోట్లు మాత్రం ఉన్నాయి, అవి ధ్రువాల దగ్గర. చంద్రుడి అక్షం వంపు ఒకటిన్నర డిగ్రీయే, కాబట్టి అక్కడ సూర్యుడు ఎప్పుడూ దిగంతాన్ని ఒరుసుకుంటూ పోతాడు, లోతైన గుంటల అడుగుకి వెలుగు దిగదు. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకి 200 డిగ్రీలకి పైగా కింద ఉంటుంది, ఎప్పుడో చేరిన నీటి మంచు అలాగే నిలిచిపోతుంది. 2009 అక్టోబర్‌లో నాసా ఒక ఖాళీ రాకెట్ దశని దక్షిణ ధ్రువం దగ్గర కేబియస్ గుంటలో గుద్దించి, పైకి లేచిన దుమ్ములో నీటిని పట్టుకుంది. చంద్రయాన్ 3 దిగింది కూడా 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, 2023 ఆగస్టు 23న. అది ఇవతలి వైపే. అక్కడ తెల్లారిన రోజునే దించారు, ల్యాండర్‌కి కరెంటు సోలార్ ప్యానెళ్ల నుంచే రావాలి కాబట్టి పనంతా ఆ ఒక్క చంద్రుడి పగటిలోనే పూర్తిచేసుకోవాలి.